పాత సన్న బాడీ డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే, పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) కొంటున్నారా?
ఫోన్‌లో పంపిన వీడియో విని మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి. దాని లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ కింది స్వరం ఫోన్ స్పీకర్‌కి అందదు. వెళ్లి చూడాల్సిందే.

వేలి కణుపుతో అంచు చుట్టూ మెల్లగా తట్టండి. పై చెక్క, పక్క చెక్క కలిసే చోట జిగురు ఊడితే పగిలిన కుండలా పలుకుతుంది. మా వరంగల్‌లో మే ఎండకి ఎండి, జూలై ముసురుకి ఉబ్బే చెక్కకి ఇది మామూలే. అతికించుకోవచ్చు, పైగా బేరానికి పనికొస్తుంది. బ్రిడ్జి (తీగల్ని ఎత్తి పట్టే చెక్క ముక్క) దగ్గర పై చెక్క నిలువునా చీలి ఉంటే మాత్రం నేనైతే దండం పెట్టి వచ్చేస్తా. హనుమకొండలో నేను చూసినదానికి సరిగ్గా అక్కడే దేవుడి స్టిక్కర్ అంటించి ఉంది! గోరుతో లేపితే కింద చీలిక.

సన్న బాడీకి సొంత గొంతు తక్కువ కాబట్టి పికప్ (తీగల మోతని ఆంప్‌కి పంపే భాగం) బాగుండాలి. మీ కేబుల్, చిన్న ఆంప్ వెంట తీసుకెళ్లండి. నాలుగు తీగలూ ఒకే మోతలో వినిపించాలి. కేబుల్ కదిలిస్తే గరగరమంటే ముందు జాక్ (కేబుల్ గుచ్చే చోటు) చూడండి, చాలాసార్లు టంకం వేస్తే సరిపోతుంది.

ఇంటికి తెచ్చేటప్పుడు తీగలన్నీ పూర్తిగా వదులు చేయకండి, బ్రిడ్జి పడిపోతుంది.