పగడాల ట్యాంక్ ఫొటోలు నీలంగా, మసకగా వస్తుంటే

కంటికి ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగుల్లో మెరిసే పగడాలు ఫొటోలో మాత్రం నీలిమందు నీళ్లలో ముంచి తీసినట్టు వస్తాయి. దీనికి కెమెరాను తిట్టుకోనక్కర్లేదు. పగడాల ట్యాంకులకు వాడే ఎల్‌ఈడీల వెలుగులో ఎక్కువ భాగం 420 నుంచి 460 నానోమీటర్ల మధ్య ఉండే ఊదా, నీలం. కన్ను కాసేపటికి దానికి అలవాటుపడుతుంది, కెమెరాలో రంగులను దానంతటదే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ అలవాటుపడలేదు. చాలా కెమెరాల్లో వైట్ బ్యాలెన్స్‌ను చేత్తో పెట్టినా అది 10,000 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) దగ్గరే ఆగిపోతుంది. ట్యాంక్ వెలుగు అంతకు మించి నీలంగా ఉంటుంది. పైగా ఫొటోలో నీలం చానల్ (నీలం రంగును నమోదు చేసే భాగం) హద్దు దాటిందంటే అక్కడి వివరం పోయినట్టే, ఎడిటింగ్‌లో తిరిగి రాదు.

అందుకే కొత్త లెన్స్ కొనేముందు వెలుగును సరిచేయండి. దారులు రెండు. మొదటిది, లైట్ కంట్రోలర్‌లో ఫొటోల కోసం విడిగా ఒక సెట్టింగ్ పెట్టుకోవడం: నీలాన్ని దాదాపు సగానికి దించి, తెలుపును పెంచండి. పదిహేను నిమిషాల్లో పని ముగించి మళ్లీ పాత సెట్టింగ్‌కి మార్చేయండి. రెండోది, నీలంలోనే కనిపించే ఆ మిణుకు మెరుపులు కావాలనుకుంటే లైట్‌ను కదపకుండా లెన్స్ ముందు ఫిల్టర్ పెట్టడం. లైట్ పూర్తి నీలమైతే నారింజ ఫిల్టర్, కొంత తెలుపు కలిసి ఉంటే పసుపు. తెల్ల వెలుగులో నారింజ ఫిల్టర్ వాడితే ఇసుక పసుపు ముద్దలా వస్తుంది.

వైట్ బ్యాలెన్స్‌ను చేత్తో సెట్ చేయాలంటే బూడిద రంగు పీవీసీ ముక్కను కడిగి, పగడం పక్కన అదే లోతులో పెట్టి కొలవండి. తెల్ల కాగితం మాత్రం వద్దు. దానికి తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఊదా వెలుగులో సొంతంగా మెరిసి లెక్క తప్పిస్తాయి. వీలుంటే రా ఫార్మాట్‌లోనే (కెమెరా దిద్దని ముడి ఫైలుగా) తీయండి. జేపెగ్‌లో రంగు సరిదిద్దే వెసులుబాటు చాలా తక్కువ.

ఇక అద్దం. లోపలి నాచును ఫొటోలకు గంట ముందే గీకేయండి, లేకపోతే ఆ తునకలే ఫొటో నిండా చుక్కలవుతాయి. అక్రిలిక్ ట్యాంకైతే లోహపు బ్లేడు వాడకండి, గీతలు పడతాయి. గదిలో లైట్లు ఆర్పి, ముదురు రంగు చొక్కా వేసుకుంటే సగం ప్రతిబింబాలు పోతాయి. లెన్స్ అద్దానికి ఎదురుగా, నిటారుగా ఉండాలి. పక్కనుంచి తీస్తే అద్దం, నీరు కలిసి వెలుగును వంచి అంచుల్లో రంగు గీతలు, మసక తెస్తాయి. చాలామంది దీన్నే ఫోకస్ తప్పు అనుకుని ఆ సెట్టింగులతో కుస్తీ పడుతుంటారు.

వేవ్‌మేకర్లు (ట్యాంకులో అలలు పుట్టించే పంపులు) ఆపి అయిదు నిమిషాలు ఆగండి. పాలిప్‌లు (పగడం మీది చిన్న జీవులు) ఊగడం ఆగుతుంది, నలకలు అడుగుకు చేరతాయి. పైనుంచి తీయాలంటే సంప్ (కింది తొట్టి) నుంచి నీటిని పైకి పంపే రిటర్న్ పంపు, నురగతో మురికి తీసే స్కిమ్మర్ కూడా ఆపాలి. అప్పుడు పైనున్న కొంత నీరు సంప్‌లోకి దిగుతుంది, అక్కడ చోటుందో లేదో ముందే చూసుకోండి. నీటి ఉపరితలం అలలు లేకుండా ఉంటే చాలు, అడుగు పారదర్శకంగా ఉన్న పెట్టెను నీటిపై తేల్చి దాంట్లోంచి తీస్తే ఇంకా నయం.

కెమెరా అయితే ట్రైపాడ్ మీద ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్‌ఓ 400 (వెలుగును పట్టే సున్నితత్వం), షట్టర్ 1/60 సెకను దగ్గర మొదలుపెట్టండి. చేపలకు 1/200 అయినా కావాలి, ఐఎస్‌ఓ పెరిగినా ఫర్వాలేదు. బాగా దగ్గరి మాక్రోలో ఫోకస్ లోతు మిల్లీమీటర్లలోనే ఉంటుంది. ఆటోఫోకస్ తడబడుతుంటే మాన్యువల్‌లో ఉంచి, కెమెరానే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ పది ఫొటోలు తీసి ఒకటి ఏరుకోండి.

ఫోన్‌లో పగడం మీద వేలితో గట్టిగా నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. ఆపై వెలుతురును కొద్దిగా దించండి. డిజిటల్ జూమ్ జోలికి పోవద్దు. ఫొటోలో అడ్డ చారలు పడితే అది లైటు మినుకు: డిమ్ చేసిన ఎల్‌ఈడీలు కంటికి కనబడనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. షట్టర్ నిదానం చేయండి, లేదా కాసేపు లైట్ పెంచండి.

ఎడిటింగ్‌లో టెంపరేచర్‌ను పసుపు వైపు జరిపి, నీలం గాఢత తగ్గించండి. మిగతా రంగుల గాఢత ముట్టుకోకపోవడమే మేలు. ట్యాంక్ పక్కనే కూర్చుని పోల్చుకుంటూ దిద్దితే అతి కాదు.

పని అయ్యాక పంపులు వేయడం మరవకండి. రిటర్న్ పంపు ఆపి ఉంటే సంప్‌లో నీరు పెరిగి ఉంటుంది కనుక స్కిమ్మర్‌ను ఆపే ఉంచి, మట్టం మామూలుకొచ్చాకే వేయండి. లేదంటే స్కిమ్మర్‌లో మురికి చేరే కప్పు పొంగి నేలంతా మురికి నురగే.