కారు స్టార్ట్ కావడం లేదా? బ్యాటరీ కొనే ముందు ఇవి చూడండి

కీ తిప్పితే బండి లేవలేదని వెంటనే బ్యాటరీ మార్చేయకండి. చాలాసార్లు బ్యాటరీ బాగానే ఉంటుంది, కరెంటే సెల్ఫ్ మోటారు దాకా చేరదు. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలిలో, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండ్లలో ఈ అనుమానం ముందే రావాలి.

1. హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి, హెడ్‌లైట్లు వేసి కీ తిప్పండి. టకటకమని వరసగా కొట్టుకుంటూ లైట్లు మసకబారితే ఛార్జ్ లేదు, లేదా టెర్మినల్ లూజు. ఒక్కసారి 'టక్' మని ఆగిపోయి లైట్లు అలాగే వెలుగుతుంటే, సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్ అయిన సోలినాయిడ్‌నో సెల్ఫ్ మోటారునో అనుమానించాలి, అయితే అది 3వ మెట్టు చూశాకే. అసలు చప్పుడే లేకుంటే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తిరగనిచ్చే క్లచ్ స్విచ్ చూడండి. సెల్ఫ్ జోరుగా తిరిగినా ఇంజన్ అందుకోకపోతే నేరుగా 5వ మెట్టుకు వెళ్లండి.

2. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక మల్టీమీటర్‌తో బ్యాటరీ చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. నిండా ఛార్జ్ చేశాక కూడా పడుతుంటే బ్యాటరీ పనైపోయినట్టే. మన మే నెల ఎండలకు లోపలి ప్లేట్లు తొందరగా పాడవుతాయి.

3. అసలు దొంగ దొరికేది ఇక్కడే. మీటర్ ఒక మొనను బ్యాటరీ నెగటివ్ పోస్టుకు (వైరు బిగించే సీసపు గుబ్బకు), రెండోదాన్ని ఇంజన్ మీద పెయింట్ లేని ఇనుముకు ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజన్‌కు, బాడీకి కలిపే తీగ) తుప్పు పట్టిందో, దాని బిగింపులు లూజయ్యాయో అన్నమాట. ఆ తర్వాత ఒక మొన పోస్టు మీద, ఇంకొకటి దానికి బిగించిన వైరు క్లాంపు మీద పెట్టి, మళ్లీ సెల్ఫ్ కొట్టిస్తూ చూడండి, దాదాపు సున్నా రావాలి. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, 0.01 ఓం అడ్డుపడినా 1.5 వోల్టులు అక్కడే పోతాయి. లైట్లకు కొద్ది కరెంటు చాలు కాబట్టి అవి మామూలుగానే వెలిగి మనల్ని మోసం చేస్తాయి.

4. 10 నంబర్ స్పానర్‌తో ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి, పాత బ్రష్‌తో ఆ తెల్లటి, పచ్చటి బూజును కడగండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. ఆరాక పోస్టు, క్లాంపు లోపలి భాగం సాండ్‌పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్ బిగించి, పైన వాజలిన్ పూయండి. ఎర్త్ పట్టీ బోల్టు దగ్గరా ఇదే పని. దీన్ని మాత్రం వదిలేయొద్దు.

5. సెల్ఫ్ తిరిగినా బండి అందుకోకపోతే, కీ ఆన్ చేసి వెనక సీటు వైపు చెవి పెట్టండి. పెట్రోలు బండ్లలో సాధారణంగా పంపు ఒకటి రెండు సెకన్లు 'గుయ్' మంటుంది. అనకపోతే పంపు ఫ్యూజు చూసి, అదే నంబరున్న ఇంకో రిలే మార్చి పెట్టి చూడండి. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు మెరుస్తూ ఉంటే కీలో చిప్ తేడా ఉండొచ్చు, రెండో కీతో చూడండి. డీజిల్ బండైతే ముందు ఫిల్టర్‌లో నీళ్లు, లైనులో గాలి చూడాలి. మన వేడికి గ్లో ప్లగ్గుల (చలిలో ఇంజన్‌ను వేడెక్కించేవి) వల్ల ఆగడం అరుదు. సెల్ఫ్ ఒక్కసారికి 10 సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం ఆగండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో బండి మునిగి ఉంటే పై పనులేవీ చేయొద్దు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. తడిగా ఉంటే నీళ్లు సిలిండర్‌లోకి పోయి ఉండొచ్చు, ఆ స్థితిలో ఒక్కసారి సెల్ఫ్ కొట్టినా పిస్టన్‌ను పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. నెగటివ్ విప్పేసి, లాగించుకుని షెడ్డుకు తీసుకుపోండి.