హాస్టల్లో ఉన్న కొడుకుతో నాన్న మాట్లాడటం ఎలా: ఒక వార్డెన్ చెప్పే సంగతులు

ఆదివారం ఫోన్ టైములో నా గది ముందు వరండాలో క్యూ ఉంటుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి హాస్టల్ ఫోన్‌లో ఇంటికి మాట్లాడతారు. నేను పక్కనే రిజిస్టర్ రాసుకుంటుంటాను కాబట్టి వద్దన్నా చెవిన పడుతుంది. నాన్నల గొంతులు పెద్దవి, స్పీకర్ కూడా పెట్టనక్కర్లేదు.

“ఎలా ఉన్నావ్ రా?”

“బాగున్నా.”

“తిన్నావా?”

“ఆఁ.”

“మొన్న టెస్ట్‌లో ఎన్నొచ్చాయి?”

“నూట పన్నెండు.”

“పోయినసారి కంటే తగ్గాయే.”

ఇటు నుంచి ఏమీ వినిపించదు.

“సరే, అమ్మకిస్తున్నా.”

నిమిషం కూడా పట్టదు. ఆ తర్వాత ఆ నాన్నే సాయంత్రం నా నంబర్‌కి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, “మావాడు బాగానే ఉన్నాడా సార్? ఏమీ చెప్పడండీ” అని అడుగుతాడు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక కొడుకొచ్చి, “నాన్న కోపంగా ఉన్నారా సార్?” అని అడుగుతాడు. ఇద్దరి ఉత్తరాలూ నా దగ్గరే ఆగిపోయే పోస్టాఫీసు ఉద్యోగం నాది.

నేను విజయవాడ పక్కన ఒక ఇంటర్ బాయ్స్ హాస్టల్లో వార్డెన్‌ని. అంతకుముందు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. సైకాలజీ చదువుకోలేదు. మా దగ్గరికొచ్చే నాన్నల్లో పల్నాటి మిర్చి రైతులున్నారు, ఆర్టీసీ డ్రైవర్లున్నారు, కిరాణా కొట్లవాళ్ళున్నారు, సర్కారు టీచర్లున్నారు. కొడుకంటే ప్రేమ లేనివాణ్ణి నేను చూడలేదు. ఆ ప్రేమంతా ఫీజు రసీదులోనూ, పచ్చడి డబ్బాలోనూ కనిపిస్తుంది. మాటలోకి వచ్చేసరికి మార్కులైపోతుంది. అందుకని రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. పదహారేళ్ళ మగపిల్లలకి చెప్పుకోవడం రాదంటారు. రాత్రి పది దాటాక మా మేడ మీద ఇద్దరు కుర్రాళ్ళు మాట్లాడుకునేది వింటే ఆ మాట అనరు. చెప్పడం వాళ్ళకి బాగానే వచ్చు. చెప్పిన మాట మళ్ళీ తన మీదకే వస్తుందేమో అన్నదే వాడి అనుమానం. దిగులుగా ఉందంటే “చదువు మీద ధ్యాస లేదు” అంటారు. నిద్ర పట్టడం లేదంటే “ఫోన్ ఇచ్చింది ఎవరు?” అంటారు. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి “బాగున్నా” తప్ప ఇంకేమీ రాదు. కాబట్టి మీరు చేయాల్సిందల్లా, వాడు మీకు చెప్పిన మాట వల్ల వాడికి ఏ నష్టమూ రాకుండా చూసుకోవడం. కింద చెప్పేవన్నీ దానికోసమే.

ఫోన్‌లో

మార్కులు అడగకండి. టెస్ట్ అయిన మర్నాడే మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. తెలిసిన సంగతి మళ్ళీ అడిగితే అది పలకరింపు కాదు, విచారణ. మార్కుల గురించి మాట్లాడాల్సి వస్తే దానికి వేరే రోజు పెట్టుకోండి, ఆ రోజు అదే మాట్లాడండి.

అడగడానికి ముందు మీరు ఏదైనా చెప్పండి. ఇంటి సంగతి, అందులో మీకెలా ఉందో కూడా కలిపి. ఒకాయన చెప్పింది విన్నాను: “బోరు మోటారు కాలిపోయింది రా. మూడు రోజుల్నుంచి వైండింగ్ షాపు చుట్టూ తిరుగుతున్నా, ఒకటే చిరాగ్గా ఉంది.” ఆ కుర్రాడు మోటారు ఎన్ని హెచ్‌పీ అని అడిగాడు, షాపువాడు ఎంత తీసుకుంటున్నాడో అడిగాడు. ఇంకో రెండు మాటలయ్యాక, “నాకూ ఇక్కడ చిరాగ్గానే ఉంది నాన్నా” అన్నాడు. ఆ నాన్న వెంటనే సలహాకి దిగలేదు. “దేనికి రా?” అని ఊరుకున్నాడు. వెనక క్యూలో ఉన్నవాళ్ళు గొడవ చేసేదాకా ఆ ఫోన్ నడిచింది.

వాడి గురించి అడిగితే చెప్పకపోయినా పక్క బెడ్ వాడి గురించి చెబుతాడు. “మీ రూమ్‌లో ఒకడుండేవాడు, ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడన్నావు, ఎలా ఉన్నాడు?” అని అడగండి. ఒక్కోసారి “మా ఫ్రెండ్ ఒకడున్నాడు నాన్నా, వాడికి క్లాసులో కూర్చుంటే గుండె దడదడలాడుతుందంట” అని వాడే మొదలుపెడతాడు. ఆ ఫ్రెండ్ ఎవరో మీకు అర్థమైపోతుంది. అయినా “నీకేనా?” అని పట్టుకోకండి. ఆ ఫ్రెండ్‌కి ఏం చేస్తే బాగుంటుందో మాట్లాడండి.

ఔటింగ్ రోజు

విజిటర్స్ హాల్లో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని, మధ్యలో పులిహోర డబ్బా పెట్టుకుని, “చెప్పు, ఏంటి సంగతులు?” అంటే మగపిల్లవాడు నోరు విప్పడు. అమ్మ, చెల్లి, బాబాయి, అందరూ వాడి మొహంలోకే చూస్తుంటారు. వాడు చూస్తే డబ్బాలోకి చూస్తాడు.

మీరు బండి మీద వచ్చి ఉంటే, పని పెట్టుకుని బయటికి తీసుకెళ్ళండి. కటింగ్ చేయించాలి, చెప్పులు కొనాలి, ఏదో ఒకటి. వెనక కూర్చున్నవాడికి మీ మొహం కనిపించదు, మీకు వాడిది కనిపించదు. మీ వీపుతో మాట్లాడటం వాడికి చాలా సులువు. మెల్లగా నడపండి. వాడు ఒక మాట అని ఆగితే వెంటనే అందుకోకండి. ఒక స్పీడ్ బ్రేకర్ దాటేదాకా ఊరుకోండి. అసలు మాట చాలాసార్లు ఆ రెండోసారి వస్తుంది. అప్పుడు బండి ఆపి వెనక్కి తిరగొద్దు, “ఊఁ” అంటూ పోనివ్వండి.

బస్సులో వచ్చినవాళ్ళు నడవండి. టిఫిన్ సెంటర్‌కి దూరమైనదాన్నే ఎంచుకోండి.

కడుపునొప్పి, కోపం

మా సిక్ రూమ్ రిజిస్టర్ తిరగేస్తే, గ్రాండ్ టెస్టుకి ముందు రాత్రి కడుపునొప్పి, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం వరుసగా ఉంటాయి. దొంగ నొప్పులని కొట్టిపారేయకండి. టెన్షన్‌కి నిజంగానే కడుపులో తిప్పుతుంది. డాక్టర్‌కి చూపించి, ఏమీ లేదన్నాక కూడా నొప్పి వస్తుంటే “పరీక్షలంటే భయంగా ఉందా?” అని అడగండి. మగపిల్లవాడు భయమని చెప్పలేడు కానీ నొప్పని చెప్పగలడు, జ్వరమైతే వాణ్ణి ఎవరూ తిట్టరు కదా.

రెండోది కోపం. పొద్దున నీళ్ళ దగ్గర బకెట్ కోసం కొట్టుకుంటారు. ఒకడు మగ్గు నేలకేసి పగలగొడతాడు. మగ్గు మీద అంత కోపం ఎవరికీ ఉండదు. ముందురోజు వాణ్ణి పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి మార్చి ఉంటారు, లేకపోతే ఇంట్లో అమ్మానాన్న గొడవపడ్డారని తెలిసి ఉంటుంది. ఇంటికొచ్చినప్పుడు మీవాడు చెల్లెలి మీద అరిచినా, కంచం తోసేసినా ఆ పని తప్పని చెప్పండి, అక్కడితో వదిలేయండి. అన్నం తిని పడుకుని లేచాక, మర్నాడు అడగండి. కోపం మీదున్నప్పుడు “మగాడినని పొగరా?” అంటే లోపల ఉన్నది లోపలే ఉండిపోతుంది.

ఏడిస్తే

నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదన్న సామెత మనందరం వింటూ పెరిగాం. ఇలాంటి చెత్త సామెత ఇంకోటి లేదని నా అభిప్రాయం. మీ ముందు ఏడిస్తే “ఊరుకో, మగపిల్లాడివి” అనకండి. నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి కూర్చోండి. దగ్గరికి తీసుకుంటే వస్తాడేమో చూడండి, బిగుసుకుపోతే భుజం మీద చెయ్యి చాలు. లేచి వెళ్ళిపోకండి, ఫోన్ చూడకండి.

ఇంతకంటే ముఖ్యం, ఆ సంగతి ఇంకొకరికి చెప్పకండి. నాన్న అమ్మకి చెబుతాడు, అమ్మ తమ్ముడికి చెబుతుంది. మర్నాడు మేనమామ ఫోన్ చేసి, “ఏంరా అల్లుడూ, ఏడ్చావంట, ధైర్యంగా ఉండాలిరా” అంటాడు. పాపం ఆయన మంచికే అంటాడు. ఆ కుర్రాడు మళ్ళీ ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పడు. అమ్మకి చెప్పక తప్పదనుకుంటే “అమ్మకి చెప్పనా?” అని వాణ్ణే అడిగి చెప్పండి.

డబ్బు సంగతి

“నీకోసం ఎంత కష్టపడుతున్నామో తెలుసా?” అన్న మాట మానేయండి. తెలుసు. తెలిసే రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. అలాగని అప్పు దాచిపెట్టాలని నేననను. దాస్తే వాడు ఊహించుకునేది అసలు అప్పు కంటే పెద్దదిగా ఉంటుంది. మిర్చి రేటు పడిపోయిన ఏడాది ఒకాయన కొడుకుని కూర్చోబెట్టి ఎంత తెచ్చాడో, ఎవరి దగ్గర తెచ్చాడో, ఎన్ని పంటల్లో తీరుతుందో కాగితం మీద వేసి చూపించాడు. “ఇది నా లెక్క. నీ ర్యాంకుతో దీనికి సంబంధం లేదు” అన్నాడు. నాకైతే ఆ పద్ధతి బాగా నచ్చింది.

వాడు నోరు తెరిచి చెప్పలేనివి

సీనియర్ కానీ, స్టాఫ్ కానీ, చుట్టం కానీ ఒంటి మీద చెయ్యి వేశారని మగపిల్లవాడు చెబితే నమ్మండి. “నువ్వేం చేస్తున్నావ్, ఊరుకున్నావా?” అనకండి. ఆ ప్రశ్న వాడు ఇప్పటికే వందసార్లు వేసుకుని ఉంటాడు. పిల్లల మీద లైంగిక నేరాలకి శిక్ష వేసే 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ళలోపు ఆడపిల్లలకి ఎంత వర్తిస్తుందో మగపిల్లలకీ అంతే వర్తిస్తుంది. 1098 పిల్లల హెల్ప్‌లైన్, లేదా నేరుగా పోలీస్ స్టేషన్. వార్డెన్‌కి చెప్పి ఊరుకోకండి, నేను వార్డెన్‌నై ఉండి చెబుతున్నాను.

ఇంకోటి చావు మాట. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్ళు. “నామీద డబ్బులు దండగ” అన్నా, ఇష్టంగా దాచుకున్న వాచీనో బ్యాటునో ఎవరికో ఇచ్చేసినా, తిండి, నిద్ర బాగా మారిపోయినా, రోజుల తరబడి దిగులుగా ఉన్నవాడు ఉన్నట్టుండి ప్రశాంతంగా కనిపించినా నేరుగా అడగండి: “చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. పుట్టదు. ఉన్నవాడికి మాత్రం చెప్పుకునే దారి దొరుకుతుంది.

అవునంటే తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి. ఒంటరిగా వదలకండి. ఆ రోజు కాలేజీ, టెస్టు ఏవీ లెక్కలోకి రావు, వచ్చి తీసుకెళ్ళండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు పలుకుతారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, పైసా ఖర్చు లేదు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీరూ చేయొచ్చు, వాడే చేయాలని లేదు. తర్వాత సైకియాట్రిస్ట్‌కి చూపించండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడగండి. విశాఖలోనూ, హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు చెబితే జోకులేసే చుట్టాలకి ఈ సంగతి చెప్పకండి, అంతే.

ఫలితాల రోజు

ఇంటర్ ఫలితాలు మామూలుగా ఏప్రిల్‌లో వస్తాయి. ఆ వారం మీవాడు ఇంట్లోనే ఉంటాడు కాబట్టి మీరూ పని వాయిదా వేసుకుని ఇంట్లో ఉండండి. కనీసం ముందురోజు రాత్రి ఒక మాట చెప్పండి. “ఏదొచ్చినా పర్లేదు” అంటే వాడు నమ్మడు, ఎందుకంటే రెండేళ్ళుగా అన్నీ పర్లేదన్నట్టు మీరు లేరు. వివరంగా చెప్పండి: తప్పితే సప్లిమెంటరీ రాస్తావు, అందులో పాసైతే ఏడాది పోదు, మార్కుల్లో తేడా అనిపిస్తే రీకౌంటింగ్‌కో రీవెరిఫికేషన్‌కో పెడదాం, ర్యాంకు రాకపోతే డిగ్రీలో ఏముందో ఇద్దరం కూర్చుని చూద్దాం. వాడికి కావాల్సింది ఓదార్పు కంటే మర్నాడు పొద్దున ఏం జరుగుతుందన్న సమాచారం.

రిజల్ట్ చూసేటప్పుడు హాల్‌టికెట్ నంబర్ వాణ్ణే కొట్టనివ్వండి, మీరు పక్కన కూర్చోండి. మార్కులు తగ్గితే ఆ రోజు బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి. “ఎన్నొచ్చాయి?” అంటే “మావాడు అన్నం తింటున్నాడు, తర్వాత చేస్తాను” అనండి. సప్లిమెంటరీ ఫీజుకి గడువు తక్కువే ఇస్తారు కానీ ఆ రోజే కట్టక్కర్లేదు. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ కలిసి వెళ్ళి కట్టి రావచ్చు.