ఆర్‌వీ ప్రయాణానికి వంటింటి సామాను ఎలా సర్దుకోవాలి?

అమెరికాలో ఎండాకాలం సెలవులకు ఆర్‌వీ (వంటిల్లు, పడకలు, టాయిలెట్ లోపలే ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా ఎక్కించుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్లే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పెద్దవాళ్లకు మూడు పూటలా బర్గర్లు పడవు కాబట్టి వంట తప్పదు. అలాగని ఇంట్లో వాడేవన్నీ ఎక్కించేస్తే లాభం లేదు. ఏ వస్తువైనా ఎంత కరెంటు లాగుతుంది, కడగడానికి ఎన్ని నీళ్లు పడతాయి అన్నవి చూసుకున్నాకే పెట్టెలో పెట్టండి.

ముందు కరెంటు లెక్క

మీరు బుక్ చేసిన బండి 30 ఆంపులదో 50 ఆంపులదో కనుక్కోండి. 30 ఆంపులదైతే 120 వోల్టుల దగ్గర మీకు దొరికేది మొత్తం 3,600 వాట్లు. పైకప్పు మీది ఏసీ ఒక్కటే సుమారు 13 ఆంపులు తీసుకుంటుంది. మైక్రోవేవ్‌కి ఇంకో 12, 13. ఆ రెండూ నడుస్తుండగా 1,000 వాట్ల ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) పెట్టారంటే మరో 8 ఆంపులు. లెక్క 30 దాటిపోయింది, బ్రేకర్ పడిపోతుంది, అన్నం సగం ఉడికి ఆగిపోతుంది. 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి అయితే ఒక్కటే 15 ఆంపులు తినేస్తుంది. కాఫీ నీళ్ల కోసం తీసుకెళ్లే ఎలక్ట్రిక్ కెటిల్ కూడా తక్కువదేం కాదు, చాలావాటికి 1,500 వాట్లు ఉంటుంది. నీళ్లు గ్యాస్ పొయ్యి మీదే కాచుకోండి.

50 ఆంపుల బండికి 12,000 వాట్ల దాకా దొరుకుతాయి కాబట్టి ఇంత ఇబ్బంది ఉండదు. అయినా రెండు పెద్ద వస్తువుల్ని ఒకే ప్లగ్గు వరుసలో పెట్టకండి.

ఇంకో సంగతి. ఎల్లోస్టోన్ లోపల కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్ మూడూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు ఒక్కటే. మిగతా చోట్ల జనరేటర్ మీద ఆధారపడాలి, అదీ అనుమతించిన వేళల్లోనే.

తర్వాత కుక్కర్

ఒక్క వస్తువే తీసుకెళ్లే వీలుంటే నేను విజిల్ కుక్కరే తీసుకెళ్తాను. ఎల్లోస్టోన్ సరస్సు ఉన్నది 7,700 అడుగుల ఎత్తు పైన. అక్కడ నీళ్లు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు త్వరగా మెత్తబడదు, చాలాసేపు పలుకు పలుకుగానే ఉంటుంది. మూడు లీటర్ల కుక్కర్ చాలు, ఆర్‌వీ పొయ్యి మీద పెద్దది సరిగ్గా కూర్చోదు. ఎత్తు మీద కాబట్టి ఇంట్లో కంటే ఒకటి రెండు విజిళ్లు ఎక్కువ రానివ్వండి. అదనంగా ఒక గాస్కెట్ వేసుకోండి, అది పాడైతే ఆ అడవిలో దొరకదు.

మిక్సీ వద్దు. ఇండియా నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల మిక్సీ అక్కడి కరెంటుతో నీరసంగా తిరుగుతుంది, పైగా జార్ కడగడానికే బోలెడు నీళ్లు. అల్లం వెల్లుల్లి ముద్ద, చింతపండు గుజ్జు, కందిపొడి, కరివేపాకు పొడి ఇంట్లోనే చేసి చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో సర్దుకోండి.

పోపు వేసేటప్పుడు ఫ్యాన్ వేసి కిటికీలు తెరవండి. ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం మోగుతుంది, విసుగొచ్చి దాన్ని మాత్రం తీసేయకండి. బయట బ్యూటేన్ పొయ్యి మీద పోపు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఎలుగుబంట్లు తిరిగే చోట అయితే వంటవగానే గిన్నెలు, గరిటెలు, నూనె సీసాతో సహా అన్నీ లోపలికి తెచ్చేయాలి.

నీళ్లు, మురుగు

అంట్లు కడిగిన నీళ్లన్నీ బండి కింది ట్యాంకులోకే పోతాయి. అందుకే పేపర్ టవల్స్ ఎక్కువ తీసుకెళ్లండి. పప్పు, నూనె అంటిన కంచాలు ముందు తుడిచేసి తర్వాత కడిగితే ట్యాంకు త్వరగా నిండదు, వాసనా రాదు. టాయిలెట్‌కి త్వరగా కరిగే పేపరే వాడాలి.

నీళ్ల కనెక్షన్ ఉన్న చోటుకైతే తాగునీటికి పనికొచ్చే తెల్ల గొట్టం, ప్రెజర్ రెగ్యులేటర్, మురుగు గొట్టం, రబ్బరు గ్లవ్స్ కావాలి. ఇవి చాలావరకు అద్దెకిచ్చేవాళ్లే ఇస్తారు, అడిగి చూడండి. కరెంటు హెచ్చుతగ్గుల నుంచి బండిని కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ లేకపోతే కొనడం మంచిది. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఇచ్చే స్తంభం దగ్గర బ్రేకర్ ఆపి, ప్రొటెక్టర్ తగిలించి, దానికి బండి తీగ పెట్టి, అప్పుడు బ్రేకర్ వేయండి.

బయల్దేరే ముందు

గాజు సీసాలు, పింగాణీ వద్దు, స్టీలు కంచాలు పెట్టుకోండి. అల్మరాల్లో జారని మ్యాట్ పరిచి, బరువైనవి కింది అరల్లో సర్దండి. బండి కదిలే ముందు పొయ్యికి వచ్చే ప్రొపేన్ గ్యాస్ కట్టేసి, పొయ్యి మీద ఏమీ లేవని చూసి, అల్మరా తలుపుల గొళ్లేలు ఒక్కొక్కటే లాగి చూడండి.