ఇంటి దగ్గరే మారుతి 800 – పాఠం 7: జారిన సీవీ బూటును తిరిగి కూర్చోబెట్టడం

పోయిన పాఠంలో ముందు చక్రం విప్పి బేరింగు ఊగుతోందో లేదో చూశాం. అప్పుడే హబ్బు వెనక ఒక నల్లటి రబ్బరు తిత్తి మీ కంటపడి ఉంటుంది. కొలిమి తిత్తిలా మడతలు మడతలుగా, ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా ఉంటుంది. షెడ్లలో దాన్ని బూటు అంటారు. యాక్సిల్‌ను చక్రంతో కలిపే సీవీ జాయింటుకు అది తొడుగు. ఈ పాఠమంతా దాని గురించే.

నా బండి 1996 మోడల్. రెండేళ్ల కిందట వానాకాలంలో ఒకరోజు కడుగుతుంటే ఎడమ ముందు టైరు లోపలి వైపున, రిమ్ము మీద, నల్లటి గ్రీజు చిమ్మిన మరక కనబడింది. బ్రేక్ ఆయిల్ కారుతోందేమోనని ముందు టెన్షన్ పడ్డాను. వేలితో తీసి చూస్తే కాటుకలా చిక్కగా ఉంది, సబ్బుతో తోమినా వదల్లేదు. బ్రేక్ ఆయిల్ అలా ఉండదు, నీళ్లలా పలచగా ఉంటుంది. చక్రం విప్పి చూస్తే బూటు సన్నటి కొస తన గాడిలోంచి జారి, యాక్సిల్ మీద ఒక అంగుళం పక్కకు వచ్చేసింది. అంతకు ముందు ఎవరో దాన్ని బైండింగ్ వైరుతో కట్టారు. వైరు రబ్బరులోకి దిగబడి, తుప్పు పట్టి, వదులైపోయింది.

పని మొదలుపెట్టే ముందు ఆ తిత్తి అక్కడ ఎందుకుందో తెలియాలి. పాత అంబాసిడర్, పద్మిని కార్లలో ఇంజను తిప్పేది వెనక చక్రాలను. ఇంజను నుంచి వెనక్కి వెళ్లే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని కొసల్లో క్రాసులు, అంటే వంగుతూ తిరిగే జాయింట్లు. వాటికి గ్రీజు గన్ను పెట్టి నాలుగు దెబ్బలు కొడితే సరిపోయేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో బండిని లాగేదీ, మలుపు తిప్పేదీ ముందు చక్రాలే. క్రాసు వంగినప్పుడు ఒక చిక్కుంది: ఇవతలి షాఫ్ట్ ఒకే వేగంతో తిరిగినా, అవతలిది ప్రతి చుట్టులో రెండుసార్లు జోరందుకుని రెండుసార్లు మందగిస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు అలా జరిగితే బండి వణికిపోతుంది. ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు 1920లలో దీనికి విరుగుడు కనిపెట్టాడు. వంపు తిరిగిన గాడుల్లో ఆరు ఉక్కు గుండ్లు పెట్టాడు. జాయింటు ఎంత వంగినా గుండ్లు ఆ వంపుకు సరిగ్గా నడిమధ్యన నిలబడతాయి కాబట్టి రెండు వైపులా వేగం ఒకటే. సీవీ అంటే అదే: కాన్‌స్టంట్ వెలాసిటీ, మారని వేగం. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారుతో ఈ జాయింటు మామూలు జనం బండ్లలోకి వచ్చింది. మన 800 చక్రం దగ్గరున్నదీ ఈ కోవదే.

దీనికి గ్రీజు నిపుల్, అంటే బయటి నుంచి గ్రీజు ఎక్కించే మూతి, లేదు. తయారైనప్పుడు పెట్టిన గ్రీజుతోనే ఏళ్ల తరబడి నడవాలి. ఆ గ్రీజును లోపల ఆపేదీ, దుమ్మునూ నీళ్లనూ బయట ఆపేదీ ఆ రబ్బరు తిత్తి ఒక్కటే. గ్రీజు కొంచెం తగ్గినా జాయింటు వెంటనే చావదు. ఇసుక దూరిందంటే మాత్రం గుండ్లూ గాడులూ ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి.

ఇక పని. హ్యాండ్ బ్రేకు లాగండి, వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు అడ్డం పెట్టండి. జాకీతో లేపి స్టాండు మీద దించండి, చక్రం తీయండి. ఇటుకలు అడ్డం పెట్టడానికే, బండిని మోయడానికి కాదు. గేరు న్యూట్రల్‌లో ఉంచితే యాక్సిల్ చేత్తో తిప్పుకోవచ్చు.

స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పితే బూటు మడతలు ఒకవైపు విచ్చుకుంటాయి. బయటి మురికంతా గుడ్డతో తుడిచి, ప్రతి మడతనూ రెండు వేళ్లతో విడదీసి లోయలోకి చూడండి. పగుళ్లు మొదలయ్యేది అక్కడే. సన్నటి గీత కనబడినా ఆ బూటు పనికిరాదు, కొత్తది వేయాలి. అది వచ్చే పాఠం. రబ్బరు మెత్తగా ఉండి, కొస మాత్రమే జారి ఉంటే ముందుకు సాగండి.

ఇప్పుడు తొందరపడి బూటును లాగి గాడిలో పెట్టేయకండి. చాలామంది చేసే తప్పు ఇదే, మొదటిసారి నేనూ అదే చేయబోయాను. విజయవాడ ఆటోనగర్‌లో బూటు కొసను బిగించే పట్టీ కొనడానికి వెళ్తే, పక్కన నిలబడిన ఒక పెద్దాయన, "గ్రీజు నలిపి చూశావా బాబూ?" అన్నాడు. చూడలేదన్నాను. "ముందు అది చూడు, తర్వాత పట్టీ కొనుక్కో" అని తన పని చూసుకున్నాడు.

జారిన కొసను ఇంకాస్త వెనక్కి జరిపి, లోపలి నుంచి శనగగింజంత గ్రీజు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. వెన్నలా జారితే మంచిదే. గరగరలాడితే ఇసుక చేరింది. తెల్లగా పాలిపోయి మజ్జిగ కలిపినట్టుంటే నీళ్లు చేరాయి. ఈ రెండింట్లో ఏది కనబడినా యాక్సిల్ బయటికి తీసి జాయింటు కడగాల్సిందే. పైన కొత్త గ్రీజు కూరినంత మాత్రాన కింద ఇసుక ఎక్కడికీ పోదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి కదిపితే ఇప్పటికే టకటకమంటోందా? అయితే గాడులు అరిగాయి, బూటు సర్దినా ఆ చప్పుడు పోదు.

నా అదృష్టం, గ్రీజు శుభ్రంగానే ఉంది.

పోయిన గ్రీజుకు బదులు సీవీ జాయింటు గ్రీజే వాడాలి. మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన నల్లటి గ్రీజది, బూటు కిట్టులో పొట్లంగా వస్తుంది. బేరింగులకు వేసే మామూలు గ్రీజు వద్దు. సన్నటి కొసలోంచి వేలితో గుండ్ల వైపుకు తోయండి, యాక్సిల్‌ను మధ్యమధ్య తిప్పండి. తిత్తి నిండా కూరకండి, గ్రీజు కావలసింది జాయింటుకి.

తర్వాత అసలు మెలకువ. బూటు అంచు లోపలి భాగమూ, అది కూర్చునే గాడీ ఎండిన పలకలా ఉండాలి. గ్రీజు పొర మిగిలితే పట్టీ ఎంత బిగించినా రబ్బరు మళ్లీ జారుతుంది. పొడి గుడ్డతో, తర్వాత స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవండి. పెట్రోలు తగిలిస్తే రబ్బరు ఉబ్బుతుంది. గాడిలో తుప్పుంటే సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, పొడి రాలకుండా తుడిచేయండి.

స్టీరింగ్ నేరుగా పెట్టి అంచును గాడిలోకి తోయండి. సరిగ్గా కూర్చుంటే వేలికి ఆ దిగిన భావం తెలుస్తుంది. ఇప్పుడు మొద్దు కొస ఉన్న చిన్న స్క్రూడ్రైవరును అంచు కిందికి కాస్త దూర్చండి. ఉస్సుమని గాలి కదులుతుంది, బూటు తన సహజమైన ఆకారానికి వస్తుంది. ఈ ఒక్క నిమిషం పని వదిలేస్తే, గాలి ఎక్కువైన బూటు వేడికి ఉబ్బి అంచును బయటికి తోస్తుంది. గాలి తక్కువైనదాని మడతలు లోపలికి పీక్కుపోయి ఒరుసుకుంటాయి.

పట్టీ తెరిచి చుట్టగలిగే రకం కొనండి, లేకపోతే యాక్సిల్ విప్పాల్సి వస్తుంది. పట్టీని లాగి మడిచే దిశకు లెక్కుంది: బండి ముందుకు పోయేటప్పుడు యాక్సిల్ తిరిగే దిశకు ఎదురుగా మడవాలి. చెవి ఉన్న పట్టీ అయితే పట్టకారుతో చెవిని నొక్కండి, తెగేంత కాదు. బిగించాక అంచును చేత్తో మెలితిప్పి చూడండి. తిరగకూడదు, అలాగని రబ్బరు పట్టీకి రెండు వైపులా పొంగి రాకూడదు. దారిలో ఇబ్బందైతే ప్లాస్టిక్ టై కట్టి ఇంటికి చేరవచ్చు. వైరు మాత్రం ఎప్పుడూ వద్దు.

లావు కొస పట్టీ కూడా ఒకసారి కదిపి చూడండి. రిమ్ము మీద పాత మరకను పూర్తిగా కడిగేయండి, లేకపోతే రేపు పాతదేదో కొత్తదేదో తెలియదు. చక్రం బిగించి, ఖాళీ స్థలంలో అటూ ఇటూ పూర్తి మలుపులు తిప్పండి. వారం నడిపాక టైరు వెనక తెల్ల గుడ్డ పెట్టి రిమ్ము తుడవండి. గుడ్డకు దుమ్ము అంటితే సరే, గ్రీజు అంటితే చక్రం మళ్లీ విప్పాలి.