వీడియోలతో ఫ్రేజల్ వెర్బ్స్ – ఆరో పాఠం: 'ఇట్' చోటు ఎక్కడ?

ఫ్రేజల్ వెర్బ్ అంటే మామూలు క్రియకి అప్, ఆఫ్, ఆన్ లాంటి చిన్నముక్క చేరి ఏర్పడే క్రియ. ఈసారి 'లుక్ ఫార్వర్డ్ టు', 'పుట్ అప్ విత్' లాంటి మూడు ముక్కల క్రియలు మొదలుపెడదామనుకున్నాను. అవి వచ్చే పాఠానికి జరిగాయి. ఐదో పాఠం అభ్యాసానికి మీరు పంపిన వాయిస్ మెసేజ్‌లు విన్నాక, వాటి సంగతి చూడకుండా ముందుకు వెళ్తే లాభం లేదనిపించింది.

పోయిన పాఠంలో చెప్పింది చాలా చిన్న విషయం. 'టర్న్ ఆఫ్ ద ఫ్యాన్' అన్నా ఒప్పే, 'టర్న్ ద ఫ్యాన్ ఆఫ్' అన్నా ఒప్పే. ఫ్యాన్ అనకుండా 'ఇట్' అంటే మాత్రం అది మధ్యలోకే రావాలి: 'టర్న్ ఇట్ ఆఫ్'. మి, యూ, హిమ్, హర్, అస్, దెమ్ అన్నిటికీ ఇదే పద్ధతి. వీడియో చూస్తున్నంతసేపు ఇది అందరికీ తేలిగ్గానే ఉంది. సొంతంగా చెప్పమనేసరికి చాలామంది 'స్విచాఫ్ ఇట్', 'పికప్ హిమ్', 'ఫిలప్ ఇట్' అన్నారు. ఇంకొందరు జాగ్రత్త ఎక్కువై అన్నిట్లోనూ మధ్యలోనే పెట్టేశారు. 'ఐ యామ్ లుకింగ్ ఇట్ ఫర్' అని ఒకరు, బస్సు ఎక్కానని చెప్పడానికి 'ఐ గాట్ ఇట్ ఆన్' అని మరొకరు.

రెండోది తొందరగానే సర్దుకుంటుంది, చివర్లో చూద్దాం. మొదటిదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. మెసేజ్‌లన్నీ వరసగా వింటుంటే ఒక సంగతి తేలింది. 'పుట్ ఆఫ్', 'టర్న్ డౌన్', 'కాల్ ఆఫ్' లాంటి కొత్త క్రియల్లో తప్పులు తక్కువ. మనకి ముందునుంచీ తెలిసిన పికప్, స్విచాఫ్, ఫిలప్, లాగిన్ దగ్గరే తప్పులన్నీ కుప్పపడ్డాయి.

రాజాంలో మందుల షాపులో పనిచేసే ఒక అబ్బాయి, వాళ్ళ బావగారిని ఆమదాలవలస స్టేషన్ నుంచి తీసుకొచ్చిన సంగతి చెప్పాడు. 'ఐ పికప్డ్ హిమ్ ఎట్ ద స్టేషన్' అన్నాడు. ఆ 'పికప్డ్' దగ్గర మెసేజ్ ఆపి మళ్ళీ విన్నాను. భూతకాలం గుర్తు 'పిక్' చివర పడాలి, 'పిక్డ్ హిమ్ అప్' అని. అతను దాన్ని 'అప్' చివర తగిలించాడు. ఫోన్ చేసి అడిగితే, "మేస్టారూ, పికప్ అంటే ఒకటే మాట కదండీ, మధ్యలో హిమ్ ఎక్కడ దూరుతుందండీ?" అన్నాడు. చాలా మంచి ప్రశ్న. ఈ పాఠమంతా ఆ ప్రశ్నకి జవాబే.

తెలుగు ఒక ఇంగ్లీషు మాటని తీసుకున్నప్పుడు దాన్ని నామవాచకంగా చేసుకుని పక్కన 'చెయ్యి', 'అవ్వు', 'తీసుకో' లాంటివి చేరుస్తుంది. ఫోన్ స్విచాఫ్ చెయ్యి. ఫారం ఫిలప్ చెయ్యి. మీటింగ్‌కి లాగిన్ అవ్వు. బస్సు బ్రేక్‌డౌన్ అయింది. ఫొటోలు బ్యాకప్ తీసుకో. ఇలా మాట్లాడటంలో తప్పేమీ లేదు, అందరం రోజూ ఇలాగే మాట్లాడుకుంటాం. అయితే ఇక్కడ క్రియ చేయాల్సిన పనంతా 'చెయ్యి' చేసేస్తోంది. కాలం మారినా 'చేశాను, చేస్తాను' అని అదే మారుతుంది. 'స్విచాఫ్' మాత్రం గడ్డకట్టిన ఒకే ముక్కగా ఉండిపోతుంది. పైగా తెలుగు వాక్యంలో కర్మ, అంటే పని ఎవరి మీద, దేని మీద జరుగుతుందో ఆ మాట, క్రియకి ముందే వస్తుంది: 'దాన్ని స్విచాఫ్ చెయ్యి'. ఆ గడ్డని విడదీయాల్సిన అవసరం తెలుగులో ఎప్పుడూ రాదు.

ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆ గడ్డని అలాగే పట్టుకెళ్తున్నాం. 'చెయ్యి' రాలిపోతుంది, 'దాన్ని' వెనక్కి వెళ్తుంది, 'స్విచాఫ్ ఇట్' మిగులుతుంది. దీని తర్వాతి మెట్టు 'ఆఫ్ ద ఫ్యాన్', 'ఆన్ ద మోటార్'. దయచేసి ఈ రెండూ ఇవాళ్టితో మానెయ్యండి. ఆన్, ఆఫ్ ఇలా క్రియల్లా నడవవు, వాటి ముందు 'టర్న్' గానీ 'స్విచ్' గానీ ఉండి తీరాలి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క వాక్యం వినగానే ఎదుటివాళ్ళకి మీ మీద అభిప్రాయం మారిపోతుంది. మీకు వచ్చిన మిగతా ఇంగ్లీషంతా దాని వెనక మరుగున పడిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంగ్లీషులోనూ గడ్డకట్టిన రూపం ఉంది. అది నామవాచకం. చెకప్, మేకప్, బ్యాకప్, ప్రింటౌట్, టేకాఫ్, కటాఫ్ మార్కులు, ఇవన్నీ అలా వచ్చినవే. జూట్ మిల్లులున్న మన విజయనగరం వైపు లాకౌట్, లేఆఫ్ అన్న మాటలు బడి మొహం చూడని పెద్దవాళ్ళకి కూడా తెలుసు. 'లాకౌట్' నామవాచకం, రాతలో ఒకే మాట, పలికేటప్పుడు బరువు (గొంతు నొక్కి పలికే చోటు) మొదట్లో 'లాక్' మీద పడుతుంది. యాజమాన్యం కార్మికుల్ని బయటే నిలిపేసిందని చెప్పాలంటే అది క్రియ: 'ద మేనేజ్‌మెంట్ లాక్డ్ దెమ్ అవుట్'. ఇప్పుడు రెండు మాటలు, మధ్యలో 'దెమ్', బరువు 'అవుట్' మీద. లేఆఫ్ కూడా అంతే: 'దే లెయిడ్ హిమ్ ఆఫ్'. ప్రింటౌట్ తీశాను అంటే 'ఐ ప్రింటెడ్ ఇట్ అవుట్'. మనకి తెలుగులో చేరింది మొదట్లో బరువున్న నామవాచకపు ఉచ్చారణ. వాక్యంలో వాడాల్సింది చివర బరువున్న క్రియ. అందుకే తెలిసిన మాటల దగ్గరే నోరు తడబడుతోంది.

'ఫిలప్' గురించి ఒక మాట. ఫారం నింపడాన్ని బ్రిటిష్ వాళ్ళు 'ఫిల్ ఇన్' అంటారు, అమెరికన్లు 'ఫిల్ అవుట్' అంటారు. 'ఫిల్ అప్' అంటే వాళ్ళకి పెట్రోలు ట్యాంకు నింపడం లాంటిది. మన దగ్గర ఫిలప్ పాతుకుపోయింది, నేను మాత్రం 'ఫిల్ ఇట్ ఇన్' అనే నేర్పిస్తాను. అలాగే 'నన్ను కాంప్లెక్స్ దగ్గర డ్రాప్ చెయ్యి' అన్నప్పుడు 'డ్రాప్ మి ఆఫ్ ఎట్ ద కాంప్లెక్స్' అనండి. ఆ 'ఆఫ్' మన తెలుగు డ్రాప్‌లో లేదు కాబట్టి చాలామంది మరిచిపోతారు.

మరి 'ఇట్' మధ్యలోకే ఎందుకు? ఇంగ్లీషు వాక్యంలో సాధారణంగా కొత్త సంగతి చివరికి వస్తుంది, బరువు అక్కడ పడుతుంది. 'ఇట్' అంటే ఇద్దరికీ ముందే తెలిసినది, తేలికైనది. చివరి చోటు దానికి ఇవ్వరు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరగాల్సిందే కదా, ఆ సంగతి వస్తే 'యూ కాంట్ పుట్ ఇట్ ఆఫ్' అంటాం. ఉత్సవం పేరు ముందే వచ్చింది, కొత్తగా చెప్పేది వాయిదా సంగతి, కాబట్టి బరువు 'ఆఫ్' మీద. ఇదే కారణంతో కర్మ మరీ పొడుగైతే దాన్ని మధ్యలో ఇరికించరు, చివర్లో ఉంచుతారు: 'ఫిల్ ఇన్ ద ఫామ్ దే గేవ్ యూ ఎట్ ద బ్యాంక్'.

ఇది చదివితే వచ్చేది కాదు, చెవికి పట్టాలి. వీడియోలు అందుకే. అయితే వీడియో చూసే పద్ధతి సరిగ్గా లేకపోతే ఎన్ని గంటలు చూసినా చెవికి ఏమీ అందదు.

మీలో ఎక్కువమంది కింద సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తున్నారు. మొదటిసారి చూసేటప్పుడు అవి వద్దు. కారణం చెప్తాను. తెర మీద 'టర్న్', 'ఇట్', 'ఆఫ్' అని మూడు మాటలు ఎడంగా కనిపిస్తాయి. మాట్లాడే మనిషి నోట్లోంచి వచ్చేది 'టర్నిటాఫ్' అని ఒకే మాట. ముందు మాట చివరి హల్లు తర్వాతి అచ్చులో కలిసిపోయింది, సంధులు చదువుకున్న మనకి ఇది వింతేమీ కాదు. అమెరికన్ అయితే ఆ 'ట' కూడా మెత్తబడి 'టర్నిడాఫ్' అవుతుంది. 'పిక్ ఇట్ అప్' బ్రిటిష్ నోట 'పికిటప్', అమెరికన్ నోట 'పికిడప్'. అక్షరాలు కనబడుతుంటే కన్ను చదివేస్తుంది, చెవి పని మానేస్తుంది. మీకు 'విన్నాను' అనిపిస్తుంది, నిజానికి మీరు చదివారు. రేపు ఫోన్‌లో ఎవరైనా 'పికిడప్' అంటే అది తెలిసిన మాటే అని గుర్తుపట్టలేరు. పైగా యూట్యూబ్‌లో చాలా వీడియోల సబ్‌టైటిల్స్ యంత్రం రాసినవి. ఇలాంటి కలిసిపోయిన చోట్లే అది పొరపాటు పడుతుంది, మీరు ఆ పొరపాటుని నేర్చుకుంటారు.

కాబట్టి కంప్యూటర్‌లో చూస్తే 'సి' మీట నొక్కి సబ్‌టైటిల్స్ తీసెయ్యండి. ఎడమ బాణం నొక్కితే 5 సెకన్లు, 'జె' నొక్కితే 10 సెకన్లు వెనక్కి వెళ్తుంది. ఫోన్‌లో తెర ఎడమ పక్క రెండుసార్లు తడితే 10 సెకన్లు. వేగం 0.75కి తగ్గించుకోవచ్చు. 0.5 మాత్రం వద్దు, అంత తగ్గిస్తే గొంతు సాగిపోయి బరువు ఎక్కడ పడిందో తెలియకుండా పోతుంది. విన్నది కాగితం మీద రాసుకున్నాక, వీడియో వివరణలో ట్రాన్‌స్క్రిప్ట్ ఉంటే తెరిచి సరిచూసుకోండి. ముందు చెవి, తర్వాత కన్ను.

ఏ వీడియోలు అని అడుగుతున్నారు. నేను ఎక్కువగా బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ చూపిస్తాను. 1943లో రేడియో పాఠాలుగా మొదలైన విభాగం అది. వాళ్ళ పాఠాల్లో మనుషులు మాట్లాడుకునే సన్నివేశాలు దొరుకుతాయి. 'పది నిమిషాల్లో వంద ఫ్రేజల్ వెర్బ్స్' తరహావి నాకు ఇష్టం లేదు. వాటిలో క్రియ, దాని అర్థం, మళ్ళీ క్రియ, దాని అర్థం. కర్మే ఉండదు. కర్మ లేని చోట 'ఇట్' ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది? ఆ వందా మళ్ళీ పికప్, స్విచాఫ్ లాగే గడ్డకట్టి మీ నోట్‌బుక్‌లో పడుకుంటాయి. నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు కూడా 'పిక్ అప్' అని రాయకండి, 'పిక్ హిమ్ అప్' అని రాసుకోండి. నేను పిల్లలకి నేర్పే పద్ధతి ఇదొక్కటే, దీనితోనే సగం తప్పులు పోతాయి.

ఇక రెండో రకం, 'లుకింగ్ ఇట్ ఫర్'. ఇక్కడ 'ఫర్' మామూలు ప్రిపొజిషన్. అది తన తర్వాత వచ్చే మాటని వదలదు. ఫర్, ఎట్, విత్, ఫ్రమ్, ఇంటూ, ఈ ఐదు కనబడితే 'ఇట్' వాటి వెనకే: లుక్ ఫర్ ఇట్, లుక్ ఎట్ ఇట్, డీల్ విత్ ఇట్, రన్ ఇంటూ హిమ్. చెవితో కూడా పట్టుకోవచ్చు. 'లుక్ ఎట్ ఇట్'లో బరువు 'లుక్' మీద ఉంటుంది, 'ఎట్' నలిగిపోయి 'లుకెటిట్' అని వినిపిస్తుంది. 'లుక్ ఇట్ అప్'లో 'అప్' గట్టిగా వినిపిస్తుంది. చిన్నముక్క బరువుగా వినబడితే 'ఇట్' దానికి ముందు, తేలిగ్గా వినబడితే తర్వాత. ఆఫ్టర్, అక్రాస్ లాంటి పొడుగు ముక్కల దగ్గర ఈ చెవి పరీక్ష నమ్మకంగా పనిచేయదు. 'లుక్ ఆఫ్టర్ హర్', 'కమ్ అక్రాస్ ఇట్' అని కంఠతా పట్టేయండి.

ఆన్, ఆఫ్, ఓవర్ రెండు పక్కలా ఉంటాయి. చొక్కా వేసుకుంటే 'పుట్ ఇట్ ఆన్', బస్సు ఎక్కితే 'గెట్ ఆన్ ఇట్'. చెప్పులు విడిస్తే 'టేక్ దెమ్ ఆఫ్', బస్సు దిగితే 'గెట్ ఆఫ్ ఇట్'. ఆలోచించుకో అనడానికి 'థింక్ ఇట్ ఓవర్', ఆ బాధ నుంచి తేరుకో అనడానికి 'గెట్ ఓవర్ ఇట్'. వీటికి అడ్డదారి లేదు. క్రియతో కలిపి, 'ఇట్' పెట్టి, వాక్యంగానే గుర్తుపెట్టుకోవాలి. బ్రేక్ డౌన్, షో అప్, గ్రో అప్ లాంటి కర్మ లేనివాటితో ఇవాళ పని లేదు.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టంగానే ఇస్తున్నాను. మనుషులు మాట్లాడుకునే ఏదైనా వీడియోలో రెండు నిమిషాల ముక్క తీసుకోండి. సబ్‌టైటిల్స్ లేకుండా విని, వినిపించిన ప్రతి ఫ్రేజల్ వెర్బ్‌నీ పూర్తి వాక్యంతో రాయండి. బరువు పడిన మాట కింద గీత గీయండి. తర్వాత ఒక రోజంతా ఇంట్లో, షాపులో, బస్సులో వినిపించే 'అప్ చెయ్యి, ఆఫ్ చెయ్యి, ఇన్ అవ్వు, ఔట్ తీసుకో' మాటలన్నీ ఏరండి. పదిహేనుకి తక్కువ కాకుండా ఉండాలి. ఒక్కోదాన్ని విడదీసి, 'ఇట్' గానీ 'హిమ్' గానీ 'దెమ్' గానీ పెట్టి, భూతకాలంలో ఒక వాక్యం, ఆజ్ఞగా ఒక వాక్యం చెప్పండి. లాగిన్ లాంటి వాటిలో కర్మ పట్టకపోతే ఎందుకు పట్టలేదో చెప్పండి. రాసి పంపితే చూడను, బరువు కాగితం మీద వినబడదు. వాయిస్ మెసేజే పంపండి, ఆదివారం సాయంత్రం లోపు.