చిన్న విమానంతో పర్వతాలను దాటడం: సిమ్యులేటర్‌లో రోలిన్స్ కనుమ మీదుగా

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో, అంటే విమానం నడపడాన్ని అనుకరించే కంప్యూటర్ ప్రోగ్రాంలో, పర్వతాలపై ఎగరాలనుకునేవారు చాలామంది మొదటే హిమాలయాలకు, నేపాల్‌లోని లుక్లా రన్‌వేకు వెళ్తారు. దృశ్యం గొప్పదే గాని, సెస్నా 172 వంటి చిన్న విమానం ఆ ఎత్తులను దాటలేదు కనుక అక్కడ నేర్చుకోగలిగేది తక్కువ. మొదటి పాఠానికి అమెరికాలోని కొలరాడో రాష్ట్రం అనువైనదని నా అభిప్రాయం. డెన్వర్ నగరానికి వాయవ్యాన, కేబీజేసీ అనే కోడ్‌తో ఉన్న రాకీ మౌంటెన్ మెట్రోపాలిటన్ విమానాశ్రయం నుంచి బయలుదేరి, రోలిన్స్ కనుమ మీదుగా పర్వతశ్రేణిని దాటి, ఆవలి లోయలోని గ్రాన్‌బీలో దిగాలి. దూరం దాదాపు 40 నాటికల్ మైళ్లే (ఒక నాటికల్ మైలు 1.85 కిలోమీటర్లు) అయినా, పర్వతాల మీద పనికివచ్చే మెలకువలలో చాలావరకు ఈ దారిలోనే అవసరమవుతాయి.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఎక్స్-ప్లేన్ 12, ఉచితంగా లభించే ఫ్లైట్‌గేర్ - ఈ మూడింటిలోనూ సెస్నా 172 ఉంది. ఫ్లైట్‌గేర్‌లో ఉన్నది 160 హార్స్‌పవర్ ఇంజిన్ గల పాత 172పీ కనుక 180 హార్స్‌పవర్ గల 172ఎస్ కంటే నెమ్మదిగా పైకెక్కుతుందని గుర్తుంచుకోవాలి. విమానంలో ఒక్క పైలట్‌ను, సగం ఇంధనాన్ని మాత్రమే ఉంచండి. మిక్స్చర్‌ను, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, ఇంధనాల పాళ్లను, సిమ్యులేటర్ తనంతట తానే సర్దే సౌకర్యం ఉంటే దాన్ని తప్పక ఆపివేయండి, ఎందుకంటే అది పనిచేస్తున్నంతసేపు పర్వత విమానయానంలో సగం సంగతి మీకు కనబడకుండానే పోతుంది. తొలిసారి గాలి లేని నిర్మలమైన ఉదయాన్ని, రెండోసారి పడమటి నుంచి 20 నాట్ల (గంటకు 20 నాటికల్ మైళ్ల) గాలిని ఎంచుకోండి. ఆ తర్వాతే ఆనాటి నిజ వాతావరణానికి మారడం మంచిది.

బయలుదేరే రన్‌వే సముద్రమట్టానికి 5,673 అడుగుల ఎత్తున, అంటే సుమారు 1,730 మీటర్ల వద్ద ఉంది. మన తూర్పు కనుమలలోని అత్యున్నత శిఖరం కూడా 1,700 మీటర్లను అందుకోదు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 4 డిగ్రీల సెల్సియస్ కాగా, అంతకు మించిన ప్రతి డిగ్రీకి డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలుచదనాన్ని బట్టి విమానానికి అనుభవమయ్యే ఎత్తు, దాదాపు 120 అడుగులు పెరుగుతుంది. కాబట్టి 30 డిగ్రీల వేసవి మధ్యాహ్నం నేల మీద నిలిచి ఉన్న విమానం కూడా 8,800 అడుగుల ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో లేని ఇంజిన్ వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది. అందుకే టేకాఫ్‌కు ముందు బ్రేకులు పట్టి, థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే మీట) పూర్తిగా తెరిచి, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య) గరిష్ఠానికి చేరేవరకు మిక్స్చర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగండి. 3,000 అడుగులకు పైనున్న విమానాశ్రయాలలో ఇలా చేయాలని సెస్నా మాన్యువల్ కూడా చెబుతుంది. పైకెక్కుతున్నప్పుడూ అప్పుడప్పుడు ఈ సర్దుబాటు అవసరమవుతుంది.

ఇక అసలు లెక్క. కనుమ ఎత్తు దాదాపు 11,670 అడుగులు కనుక మనం కనీసం 13,000 అడుగుల వద్ద దాటాలి, అంటే రన్‌వే నుంచి 7,300 అడుగులు ఎక్కాలి. 72 నుంచి 74 నాట్ల వేగంతో ఎక్కుతున్న 172ఎస్ నిండు బరువుతో ఉంటే, 12,000 అడుగులకు చేరేసరికి నిమిషానికి 200 అడుగులైనా ఎక్కదు, కాబట్టి సగటున 300 అనుకున్నా 24 నిమిషాలు పడుతుంది. బరువు తక్కువైతే కొంత మెరుగే గాని, కనుమ నేరుగా పడమరన 26 నాటికల్ మైళ్ల దూరంలోనే ఉండడం వల్ల, దానికేసి ముక్కు తిప్పి ఎక్కుతూ పోతే 18 నిమిషాలలోనే అక్కడికి చేరుకుంటాం. ఎత్తును కొండల దగ్గరకు వెళ్లి సంపాదించుకోవచ్చనుకోవడం ఇక్కడ చెల్లదు. టేకాఫ్ అయ్యాక ఉత్తరంగా లాంగ్‌మాంట్ పట్టణం వైపు మైదానం మీదనే ఎక్కి, 11,000 అడుగులు దాటిన తర్వాతే పడమటికి తిరగండి.

దారిలో మొదటి గుర్తు గ్రాస్ రిజర్వాయర్. దాని తర్వాత సౌత్ బౌల్డర్ క్రీక్ లోయ, దాని వెంట రైలు పట్టాలు కనిపిస్తాయి. పట్టాలను అనుసరించాలన్న కోరిక సహజమే గాని, ఆ రైలుమార్గం 1928లో ప్రారంభమైన 6.2 మైళ్ల మొఫాట్ సొరంగంలోకి దూరిపోతుంది, పైలట్‌కు ఎదురుగా మిగిలేది కొండగోడ. లోయ అడుగున ఎగరడం వల్ల కలిగే ప్రమాదం ఊహాజనితమైనది కాదు. 1970 అక్టోబర్ 2న విచిటా స్టేట్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టును తీసుకువెళ్తున్న మార్టిన్ 404 విమానం, ఇక్కడికి దక్షిణాన ఉన్న క్లియర్ క్రీక్ లోయలోకి ప్రవేశించింది. లోయ నేల విమానం కంటే వేగంగా పైకి లేవడంతో అది లవ్‌లాండ్ కనుమ సమీపంలో కూలి 31 మంది మరణించారు. లోయలోకి దిగవలసివస్తే మధ్యగా కాక ఒక అంచుకు చేరువగా ఎగరండి, అప్పుడే వెనక్కి మళ్లడానికి లోయ వెడల్పంతా మీకు దక్కుతుంది. 13,000 అడుగుల వద్ద ఎయిర్‌స్పీడ్ మీటరు 95 నాట్లు చూపుతుంటే అసలు వేగం దాదాపు 116 నాట్లు, రెక్కలను 30 డిగ్రీలు వాల్చి పూర్తిగా వెనక్కి మళ్లడానికి సుమారు 4,100 అడుగుల వెడల్పు కావాలి. వేగాన్ని 80కి తగ్గిస్తే 3,000 అడుగులు సరిపోతాయి.

కనుమను సమీపించేటప్పుడు కాక్‌పిట్ దృశ్యాన్నే ఉంచండి, బయటి కెమెరా ఇక్కడ మోసం చేస్తుంది. విండ్‌షీల్డ్‌లోంచి చూసినప్పుడు గట్టుకు ఆవలనున్న నేల అంతకంతకూ ఎక్కువగా బయటపడుతుంటే మీరు దానికి పైన ఉన్నట్టు, గట్టు వెనక మరుగున పడిపోతుంటే కింద ఉన్నట్టు. గట్టుకు లంబంగా కాక సుమారు 45 డిగ్రీల కోణంలో వెళ్లాలి, ఎందుకంటే ఎత్తు చాలదనిపించినప్పుడు కొద్దిపాటి మలుపుతోనే పల్లం వైపు మళ్లిపోవచ్చు. పడమటి గాలి వీస్తున్నప్పుడు తూర్పు వాలు మీద గాలి కిందికి దిగుతుంది, మనం వచ్చేది సరిగ్గా ఆ వైపు నుంచే. గట్టు ఇంకా రెండు మూడు మైళ్లుండగానే విమానం దిగిపోవడం మొదలైతే, ముక్కు ఎత్తి నిలబెట్టుకోవాలని చూడకండి, అది స్టాల్‌కు, అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికి, దారి తీస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, 72 నాట్లు నిలుపుకుంటూ మైదానం వైపు తిరిగి, మరో వెయ్యి అడుగులు ఎక్కి మళ్లీ ప్రయత్నించండి. కొండల మీద గాలి 25 నాట్లకు మించితే నిజమైన విమానాలు నడిపే పైలట్లు చాలామంది ఆ రోజుకు మానుకుంటారు. సిమ్యులేటర్‌లో ప్రాణభయం లేదు కనుక ఒకసారి అటువంటి గాలిలో కూడా వెళ్లి చూడడంలో తప్పులేదు.

కనుమ దాటగానే కింద వింటర్ పార్క్, ఫ్రేజర్ ఊళ్లు, వాటిని కలుపుతూ 40వ నంబరు హైవే కనిపిస్తాయి. ఆ రోడ్డు వెంట ఉత్తరంగా దిగితే గ్రాన్‌బీ వస్తుంది. అక్కడి రన్‌వే దాదాపు 8,200 అడుగుల ఎత్తున ఉంది. ల్యాండింగ్‌కు 65 నాట్లే ఉంచండి, పలుచని గాలి వల్ల నేల వేగంగా పరుగెడుతున్నట్టు కనిపించినా వేగం తగ్గించకండి. అలవాటు కొద్దీ మిక్స్చర్‌ను పూర్తిగా ముందుకు నెట్టడం కూడా పొరపాటే, మళ్లీ పైకి లేవవలసివస్తే ఇంజిన్ శక్తి చాలదు.

తిరుగు ప్రయాణంలో పడమటి గాలి సాయం చేస్తుంది, పైకి లేచే గాలి గట్టుకు ముందే దొరుకుతుంది. అయినా ఊరికి ఈశాన్యంగా ఉన్న గ్రాన్‌బీ సరస్సు మీద చుట్లు తిరుగుతూ 13,000 అడుగులకు చేరుకున్నాకే కనుమ వైపు బయలుదేరండి. దాటిన వెంటనే దిగే గాలి తగులుతుంది గాని, అప్పటికి కింద నేల కూడా వాలుతూ పోతుంది కనుక వేగాన్ని నిలుపుకుని మైదానం వైపు సాగితే చాలు.